మంచు కరణం లెక్క తప్పిన రోహిణి కార్తె

రోహిణి కార్తె, సోమవారం

ఎర్రముక్కు కాకులకి మా డిష్షు అంటే ఎందుకో అంత ప్రేమ. పొద్దున్నే కర్ర పట్టుకుని వాటిని తోలి, రెట్టలు కడిగి, డిష్షుని మళ్ళీ ఆకాశం వైపు తిప్పేసరికి నా చేతులు కొయ్యబారిపోయాయి. మా ముత్తాతల కాలంలో, సముద్రం పక్కన, రోహిణి కార్తె వచ్చిందంటే చెప్పుల్లేకుండా వీధిలోకి వెళ్ళలేకపోయేవారట. ఆ ఊళ్ళన్నీ సముద్రంలో కలిసిపోయి, మమ్మల్ని తీసుకొచ్చి ఈ కొండల్లో పడేసి రెండు తరాలైంది. కార్తెల పేర్లు మాత్రం మేం వదల్లేదు. నేను రెండు స్వెట్టర్లు తొడుక్కుని, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, రోహిణి కార్తె అని రాసుకుంటున్నాను.

ఇవాళ పెద్దక్క బొమ్మ పంపింది. పెద్దక్క, చిన్నక్క అని ఆకాశంలో మాకు మిగిలిన ఉపగ్రహాలు రెండే. మబ్బు లేకపోతే పెద్దక్క కొండల ఫొటో తీస్తుంది. చిన్నక్కకి రంగులు తెలియవు. నేల ఎక్కడ వెచ్చగా ఉందో ఎక్కడ చల్లగా ఉందో చెబుతుంది, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు.

నా పని చెప్పడం తేలిక. బొమ్మలో తెల్లగా ఉన్నది మంచు. పోయినసారి కన్నా తెలుపు ఎంత తగ్గిందో చూస్తాను. తగ్గిన తెలుపు నీళ్ళయి మా చిన్నగోదారిలోకి రావాలి. వంతెన దగ్గర పాతిన కొలకర్ర మీద నీటిమట్టం చూసి, పైలెక్కా కిందిలెక్కా కలిసిందో లేదో రాస్తాను. అందుకే నన్ను మంచు కరణం అంటారు. మొదట్లో వెక్కిరింపుగా అనేవారు. ఇప్పుడు పెళ్ళిపిలుపులకి వచ్చినవాళ్ళు కూడా 'మంచు కరణం ఇందుమతి గారూ' అంటున్నారు.

ఇవాళ లెక్క కలవలేదు. పైకొండల నడుమ దొప్ప అని ఒక లోతట్టు చోటుంది, అరటిదొప్పలా ఉంటుంది కనక ఆ పేరు. మా నీళ్ళలో సగానికి పైగా అక్కడి మంచువే. ఆ దొప్పలో గోధుమరంగు మచ్చ పడింది. అంటే అక్కడ మంచు కరిగి నేల బయటపడిందనుకోవాలి. కానీ కొలకర్ర దగ్గర నీళ్ళు పెరగలేదు. చలికి ఆలస్యమై ఉంటుందని సరిపెట్టుకున్నాను. నారుమళ్ళు పచ్చగా ఉన్నాయి, డ్యాము నిండుగా ఉంది, వచ్చేవారం ఊడ్పులు. ఇప్పుడు నేను అనవసరంగా నోరు విప్పి అందరి గుండెల్లో రాయి వెయ్యడం దేనికి.

గురువారం

మచ్చ పెరిగింది. దొప్పలో తూర్పువైపంతా గోధుమరంగే. అంత మంచు కరిగితే చిన్నగోదారి ఈపాటికి ఒడ్లు ఒరుసుకుని పోవాలి. కొలకర్రకి కట్టిన సెన్సరు మీద నమ్మకం లేక స్వయంగా వంతెన దగ్గరికి వెళ్ళి కొలకర్ర చూసి వచ్చాను. నది ఏమీ ఎరగనట్టు ఎప్పటి దారిన అది పోతోంది.

మధ్యాహ్నానికి సిద్ధాంతి కూత పెట్టింది. సిద్ధాంతి అంటే నా గదిలో లెక్కలు కట్టే యంత్రం. ఏ రోజు ఎంత నీరొస్తుందో ముందే చెబుతుంది కనక ఊరివాళ్ళు ఆ పేరు పెట్టారు. చేతిలో పంచాంగం ఒక్కటే తక్కువ.

"దొప్పలో కరిగిన నీరు నదిలోకి రాలేదు. పైన ఎక్కడో నిలిచింది. ప్రమాదం," అని ఎర్రదీపం వెలిగించి అదే పాట మొదలుపెట్టింది.

నీరు పైన నిలవడమంటే ఏమిటో ఈ లోయలో ఎవరికీ విడమరిచి చెప్పక్కరలేదు. కొండచరియ విరిగి వాగుకి అడ్డం పడితే దాని వెనక నీరు పేరుకుంటుంది. ఆ అడ్డం ఏదో ఒక రోజు తెగుతుంది. పక్కలోయలో నా చిన్నప్పుడు అలాగే తెగింది. ఇప్పుడక్కడ దీపం పెట్టే ఇల్లు ఒక్కటి లేదు.

నాకు భయం వేసింది. వేసిందని ఇక్కడ రాసుకుంటున్నాను, బయట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం

నడిమిపాలెం బడిలో పంచాయతీ. మావి మూడు ఊళ్ళు. దొప్ప కింద పైపాలెం, నేనుండే నడిమిపాలెం, డ్యాము కింద దిగువపాలెం. అధ్యక్షుడు ఓలేటి సింహాద్రి గారు శాలువా కప్పుకుని కుర్చీలో ముందుకి వంగి కూర్చున్నారు.

"ఏమ్మాయ్, సిద్ధాంతి సెప్పిందే నువ్వూ సెప్తావా?" అన్నారు.

ఈ ప్రశ్న కోసమే నాకు జీతం ఇస్తున్నారు. యంత్రం ప్రమాదమన్నాక మంచు కరణం కూడా ఔనంటే డ్యాము గేట్లు ఎత్తెయ్యాలి. నిండు డ్యాము మీదకి వరద దూకితే కట్ట తెగి దిగువపాలెం మొత్తం పోతుంది. ముందే ఖాళీ చేస్తే వరదని డ్యాము పట్టుకుంటుంది. కానీ ఖాళీ చేసిన డ్యాము ఈ ఏడు మళ్ళీ నిండదు. నారు మడిలోనే ఎండిపోతుంది. మూడు ఊళ్ళకీ తిండి ఆ నారే.

"ఇంకో బొమ్మ చూసి చెబుతానండి."

"ఎప్పుడొత్తది?"

"మబ్బు తీస్తే సోమవారం లోగా."

"తియ్యకపోతే?"

దొప్పకి పంపడానికి మా దగ్గరున్న ఒక్క డ్రోనూ పోయిన శీతాకాలం గాలికి కొట్టుకుపోయింది. ఎవరైనా ఎక్కి చూడాలంటే పైపాలెం మీదుగానే దారి. ఆ ఊరి నుంచి పంచాయతీకి ఎవరూ రాలేదు, పడిశాలు పట్టాయని కబురు పెట్టారు. ఊరు ఊరంతటికీ ఒకేసారి పడిశం పట్టడం నాకు వింతగా అనిపించింది.

భయపడేవాళ్ళు పైకి వచ్చి బడి ఆవరణలో గుడారాల్లో ఉండొచ్చని సింహాద్రి గారు చాటింపు వేయించారు. సగం దిగువపాలెం అప్పటికే మూటలు కట్టింది. డ్యాము గేట్లు ఎత్తే చక్రం తిప్పే గంగరాజు బావ మాత్రం కదల్లేదు. నాకు మేనత్త కొడుకు. ఇల్లు సరిగ్గా కట్ట కింద. భార్య అమ్మాజీ పోయిన నెలే ప్రసవించింది.

"అమ్మాజీనీ పాపనీ అయినా పంపు బావా," అన్నాను.

"అది ఇంటేనా? 'నువ్వు సక్రం కాడ కూసుంటే నేను గుడారంలో కూసుని ఏం సెయ్యను' అంటాది." కాసేపు తల గోక్కున్నాడు. "ఇదుగో ఇందూ, నాకు ఈ బొమ్మలూ యంత్రాలూ తెలీవు. నువ్వు ఎత్తమంటే ఎత్తుతాను. ఒద్దంటే ఆపుతాను. నాకు నీ మాటే."

అలాంటి మాట ఇంకెవరితోనూ అనకు బావా అని అరవాలనిపించింది. తల ఊపి వచ్చేశాను.

శనివారం

మబ్బు. పెద్దక్క పంపిన బొమ్మ నిండా దూది తప్ప ఏమీ లేదు.

రేడియోలో పైపాలెం పిలిచాను. నూకరత్నం పిన్ని పలికింది. ఆ ఊళ్ళో చీమ కుట్టాలన్నా పిన్నిని అడిగి కుట్టాలి. మా అమ్మకి సొంత చెల్లెలు. వాళ్ళ అత్తవారిది పాతరోజుల్లో చేపలరేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ సముద్రంలో కలిసిపోయినా ఆ కబుర్లు మాత్రం ఇప్పటికీ కరగలేదు.

"పిన్నీ, మీ వాళ్ళెవరినైనా దొప్ప అంచుదాకా పంపి చూడమని చెప్పు. పైన నీరేమైనా నిలిచిందేమో."

"అయ్యో నా తల్లే, దారి ఇరిగిపోయిందే. మేకలు కూడా ఎల్లట్లేదు. అక్కడేం ఉండదులే బంగారం, నువ్వు కంగారు పడకు. ఏం తిన్నావు? ఒంట్లో బానే ఉందా?"

రేడియో పెట్టేశాక తట్టింది. నేను పుట్టి బుద్ధెరిగాక పిన్ని నన్ను బంగారం అని పిలవలేదు. ఏం చేసినా, ఎదవ సంత అంటుంది.

ఆదివారం

తెల్లవారుతూనే చిన్నక్కకి బుద్ధి పుట్టింది. వేడీచల్లన బొమ్మ వచ్చింది. దొప్ప కూడా పడింది.

పగటి ఎండని నీరు దాచుకుంటుంది. పైన చెరువే కట్టి ఉంటే, తెల్లవారుజామున చుట్టుపక్కల కన్నా అక్కడ వెచ్చగా కనపడాలి. బండరాయి కూడా అంతే, నీరంత కాకపోయినా కాస్త వెచ్చదనం దాచుకుంటుంది. గోధుమమచ్చ మాత్రం పక్కనున్న మంచు కన్నా చల్లగా ఉంది. అది నీరూ కాదు, నేలా కాదు.

సిద్ధాంతికి చూపించాను. "చిన్నక్క కన్ను చెడింది. ప్రమాదం," అంది. దాన్ని ఎత్తి కిటికీలోంచి పారెయ్యాలన్నంత కోపం వచ్చింది.

పెద్దక్క గురువారం బొమ్మని మళ్ళీ తెరిచి, కళ్ళు నీళ్ళు కారేదాకా దగ్గరగా పెట్టుకుని చూశాను. మచ్చ అంచు ఒక పక్క తిన్నగా ఉంది, చీర అంచులా. కరిగే మంచుకి తిన్నని అంచు ఎక్కడిది? అది మనుషులు చేసిన పని. అప్పుడు అదే గోధుమరంగు మా లోయలో ఇంకెక్కడుందో వెతికాను. ఒక్కచోటే దొరికింది. నడిమిపాలెం రైసుమిల్లు వెనక, చిన్న మరకలాగా. శీతాకాలం మొదట్లో తీసిన బొమ్మలో అదే చోట అది మరక కాదు, పెద్ద దిబ్బ.

చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి మిల్లుకి పరిగెత్తాను. మిల్లు నడిపే కామేశం గారు బెల్టుకి మైనం రాస్తున్నారు.

"బాబాయ్ గారూ, ఇక్కడ ఊకదిబ్బ ఏమైంది?"

"పైపాలెమోళ్ళు అట్టుకెల్లారమ్మా. గొడ్ల కిందకంట."

"అంతానా?"

"ఏళ్ళ తరబడి పేరుకున్న దిబ్బమ్మా. పోతే పీడా పోయిందని ఊరుకున్నాను. శీతాకాలమంతా కంచరగాడిదల మీద తోలుతానే ఉన్నారు."

"పైపాలెంలో గొడ్లు ఎన్నుంటాయి బాబాయ్ గారూ?"

ఆయన మైనం రాయడం ఆపి నా వైపు చూశారు. "ఓసినీ," అన్నారు.

అప్పుడు నాకు ఐసు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. ఐసుదిమ్మల మీద ఊక కప్పి, గోనెపట్టా వేస్తే ఎండలో కూడా వారాలు ఆగుతాయని పిన్ని చెప్పని పండగ లేదు. మంచు కరగలేదు. ఊక కింద ఉంది. ఉండాలి.

సింహాద్రి గారికి చెప్పాను.

"ఇది నీ ఊహా, నువ్వు సూసిందా?"

"ఊహేనండి."

"నీ ఊహ తప్పయి, ఊక ఎనకాల నీళ్ళు కూడా ఉంటే?"

"అందుకే రేపు నేనే వెళ్ళి చూస్తాను. సాయంత్రం దాకా ఆగండి."

"సాయంత్రం దాకా. ఆపైన నువ్వేం సెప్పినా సెప్పకపోయినా గేట్లెత్తించేత్తాను. గంగరాజుకీ అదే సెప్తాను."

సోమవారం

ఇది దొప్ప అంచున కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్నే కంచరగాడిద మీద పైపాలెం చేరాను. పిన్ని ఇంటి ముందు ఎండలో తల ఆరబోసుకుంటోంది. నన్ను చూసి లేచింది.

"వచ్చావా బంగారం..."

"ఊక ఎక్కడ పిన్నీ?"

"ఏ ఊక?"

"మొత్తం మిల్లు ఊక."

పిన్ని జుట్టు ముడేసుకుంది. అబద్ధం ఆడ్డానికి నోరు తెరిచి, నా మొహం చూసి మూసేసుకుంది. "ఎవరు సెప్పారే?"

"ఆకాశం చెప్పింది."

ఇక దాచలేదు. పోయినేడు వరి పొట్ట మీద ఉన్నప్పుడు పైపాలెం కాలవ ఎండిపోయింది. మంచు ముందే కరిగిపోయి కిందకి పోయింది, వీళ్ళ చేలో గింజ లేని తాలే మిగిలింది. ఈసారి కొంత మంచుని ఊకలో దాచిపెడితే ఆఖర్న కరుగుతుందని ఊరు ఊరంతా కలిసి, శీతాకాలమంతా మోసి పాకల్లో దాచిన ఊకని పోయినవారం దొప్పలో పరిచారు. గాలికి ఊక లేచిపోకుండా అటకల మీద పడున్న పాత వలలు దించి పైన పరిచి రాళ్ళు పెట్టారు. ముత్తాతలు సముద్రం నుంచి మోసుకొచ్చిన వలలు. ఈ కొండల్లో చేపలు పట్టేది లేదు, పారేయడానికి మనసొప్పదు.

"మరి చెప్పి చెయ్యొచ్చుగా?"

"సెప్తే సెయ్యనిత్తారా? మంచు ముట్టుకుంటే ఆ ఏడు నీళ్ళ వంతు తీసేత్తారని నువ్వే గదే బోర్డు రాయించి మా ఊరి మొదట్లో పెట్టావు!"

నిజమే, రాయించాను. ఒకప్పుడు ఎవరో మంచులో కాలవ తవ్వుకుని నీళ్ళు మళ్ళించుకుంటే ఊళ్ళు కర్రలతో కొట్టుకున్నాయి. అప్పటి నుంచి మంచు మూడు ఊళ్ళదీ, కనక ఎవరూ ముట్టకూడదు.

"పిన్నీ, నువ్వు కప్పింది నా కళ్ళు. మంచు పోయిందనుకున్నాం. పైన చెరువు కట్టిందనుకున్నాం. కింద సగం ఊరు గుడారాల్లో ఉంది. సాయంత్రానికి డ్యాము ఖాళీ చేస్తున్నారు."

పిన్ని మొహంలో రంగు పోయింది. "డ్యామా? పంటకి దాచిన నీళ్ళే? అమ్మాజీ పసిబిడ్డతో అక్కడే ఉందిగదే!"

"శనివారం రేడియోలో ఒక్క మాట చెప్పుంటే..."

"పడిశాలన్నాం గదా అని, ఇంకోరోజు గడిత్తే సద్దుమణుగుద్ది అనుకున్నానే. నాకేం తెలుసే ఎదవ సంతా, నువ్వు పైనుంచి సూసి భయపడతావని!" అని అరిచి, కొంగు నడుముకి బిగించి, చెప్పులు తొడుక్కుని నా కన్నా ముందే దారి పట్టింది. దారి ఎక్కడా విరగలేదు. మేకలు హాయిగా తిరుగుతున్నాయి.

మధ్యాహ్నం దాటాక దొప్ప అంచుకి చేరాం. కింద పొడుగ్గా, వెడల్పుగా, వలల కింద ఊక. చూడ్డానికి చేపలు ఎండబెట్టే తీరంలా ఉంది, ఇంత ఎత్తున. దాని పక్కన వాగు అడ్డూ ఆపూ లేకుండా పారుతోంది. వాగు మొదలు నుంచి మలుపు దాకా కళ్ళతో రెండుసార్లు నడిచాను. విరిగిన చరియ లేదు. నిలిచిన నీరు లేదు.

నేను రాయించిన బోర్డు గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగాను. తరవాత మంచు మీదకి దిగాను. వల ఎత్తి, ఊకలోకి మోచేయిదాకా చెయ్యి పెట్టాను. పైన పొడిగా, వెచ్చగా ఉంది. ఇంకా లోపలికి పోతే చెయ్యి జివ్వుమంది. మంచు. గట్టిగా, నిండుగా, రవ్వంత కూడా కరగని మంచు.

నేను ఏడుస్తానని అనుకోలేదు. ఊకలో మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాను, మధ్యమధ్య నవ్వు వచ్చింది. పిన్ని నా వీపు నిమురుతూ పక్కన కూర్చుంది. "నీళ్ళున్నాయి గదే, ఇంకెందుకే ఏడుపు," అంటూ తనూ ఏడ్చింది.

రేడియోలో ముందు గంగరాజు బావని పిలిచాను.

"ఎత్తొద్దు బావా. చెరువు లేదు. మంచు ఉంది. నేను ముట్టుకుని చూశాను."

అవతల ఏమీ వినపడలేదు. బావా, బావా అని పిలిచాను.

"ఉన్నానే," అన్నాడు చివరికి. "పొద్దున్నించీ సక్రం పట్టుకునే ఉన్నాను. సేతి ఏళ్ళు ఊడి రావట్లేదు."

మృగశిర కార్తె, బుధవారం

ఊడ్పులు మొదలయ్యాయి. గుడారాలు పీకేశారు. ఊకమచ్చని ఇక నుంచి మంచు కింద లెక్కెయ్యమని సిద్ధాంతికి ఎంత చెప్పినా వినడం లేదు, దానికి ఊక అంటే ఏమిటో తెలియదు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. రోజూ పొద్దున్న నేనే దాన్ని కాదని, నా పేరు పెట్టి కొట్టిపారేస్తున్నాను. ఆ పని చేస్తున్నప్పుడు చాలా హాయిగా ఉంది.

ఇవాళ పంచాయతీ. పైపాలెం శిక్ష తేల్చాలి. బడి గది కిక్కిరిసిపోయింది. నూకరత్నం పిన్ని ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. ఆవిడ చేతులు కట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

సింహాద్రి గారు గొంతు సవరించుకోబోతుండగా అమ్మాజీ వచ్చింది. చంకలో పాప. జుట్టు దువ్వుకోలేదు, కళ్ళ కింద నల్లటి గుంటలు. తిన్నగా పిన్ని ముందుకి వచ్చి నిలబడింది.

"నీకు తెలుసా పిన్నీ," అంది. గొంతు చాలా చిన్నగా ఉంది, అందుకే అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. "గట్టిగా గాలేత్తే డ్యాము తెగిందనుకునేదాన్ని. కుక్క మొరిగితే తెగిందనుకునేదాన్ని. బిడ్డని గుండెకి కట్టుకుని గుమ్మంలో కూసునేదాన్ని. గాభరాకి పాలు కూడా సరిగ్గా పడలేదు."

పిన్ని ఏదో అనబోయింది.

"నువ్వేం సెప్పకు." అమ్మాజీ వంగి పాపని పిన్ని ఒళ్ళో పెట్టింది. "ఇప్పుడు నువ్వు సూసుకో. నాకు నిద్రొత్తంది."

అక్కడే గోడ పక్కన, పిల్లలు కూర్చునే చాప మీద, అందరి మధ్యా పడుకుంది. చెయ్యి తలకింద పెట్టుకున్నది పెట్టుకున్నట్టే నిద్రపోయింది. గంగరాజు బావ తన కంబళి తీసి కప్పాడు.

సింహాద్రి గారు కుర్చీ చప్పుడు కాకుండా ముందుకి జరిగి, గుసగుసగా పంచాయతీ మొదలుపెట్టారు. పైపాలెం వంతు తీసెయ్యాలని ఒకరు గుసగుసలాడారు. ఆ మంచు కరిగేది పైపాలెం పొలాలకే కాదు, ఆఖర్న మూడు ఊళ్ళ వరికీ పనికొస్తుందని ఇంకొకరు గుసగుసలాడారు. దెబ్బలాటకి దిగాల్సిన మాటలన్నీ చెవుల్లో చెప్పుకునేసరికి ఎవరికీ కోపం నిలవలేదు. ఈ ఏడు వంతు తియ్యకూడదనీ, వచ్చే ఏడు నుంచి ఎక్కడ ఎంత ఊక కప్పాలో మూడు ఊళ్ళూ కూర్చుని మంచు కరణానికి చెప్పి చెయ్యాలనీ, పైపాలెం ఈసారి దిగువపాలెం ఊడ్పులన్నీ చేసిపెట్టాలనీ తీర్పు. బోర్డు మార్చమని నా చెవిలో చెప్పారు. పిన్ని తల ఊపింది. పాప ఆవిడ కొంగు కొస నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. పిన్ని కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే వదిలేసింది.

పంచాయతీ అయ్యాక చెప్పులు చేత్తో పట్టుకుని ఒక్కొక్కరం బయటికి వచ్చాం. అమ్మాజీ సాయంత్రం దాకా లేవలేదు. ఎవరూ లేపలేదు.